నక్షత్రం కట్టిన ఇళ్లు వదిలేయాలి

జనవరి 11

చెల్లి మణివన్‌కు ఆడపిల్ల. ఇంట్లోనే కాన్పు. మూడు కిలోలు ఉంటుందని మంత్రసాని చేతుల్లోకి ఎత్తి చెప్పిందట. లావోస్ అంతటా తూకం మెషీన్లు మోసుకు తిరిగే పోషకాహార సైంటిస్టుని నేను. మా ఇంటి పిల్లని మాత్రం చేత్తో తూచారు. దయ్యాల కన్ను పడకుండా పేరు కప్ప అని పెట్టారు.

జనవరి 18

వియంటియాన్ నుంచి ఊరికి మూడు గంటలు. గుమ్మానికి వెదురు బద్దల నక్షత్రం వేలాడుతోంది. బాలింత నిప్పు మీద ఉంది, బయటివాళ్లు రావద్దని. నేను ఇంటిమనిషినే కాబట్టి వెళ్లాను. మంచం కింద నిప్పులు, మంచం మీద చెల్లి చెమటలో ఈదుతోంది. ఉక్కగా ఉందని పైకి అనకూడదు, అంటే బాలింతకు ఒళ్లు కాలుతుందట. నేను అనలేదు. ఇలాంటి మర్యాదల్లో నేను గట్టిదాన్ని.

పళ్లెంలో తెల్లటి జిగురన్నం, ఉప్పు, కాల్చిన అల్లం. మూడు నెలలు ఇదే పథ్యం. అన్నం చాలా సేపు నానబెట్టి, మూడుసార్లు కడిగి, ఆ కుడితి పందికి పోసింది అమ్మ. కూర ఏదైనా పెట్టవే అన్నాను. నీ పాఠాలు నీ ఆఫీసులో చెప్పుకో డాక్టరమ్మా, నాలుగు కాన్పులు ఈ నిప్పు మీదే గడిపినదాన్ని అంది. చెల్లి నవ్వింది. నేనూ ఒక ముద్ద ఉప్పులో అద్దుకుని తిన్నాను. బాగుంది.

ఫిబ్రవరి 3

మా పోషకాహార సర్వేకు వచ్చిన కొత్తవాళ్లకు ట్రైనింగ్. ఏడో రూల్ దగ్గర ఒక పిల్ల ఆగింది. 'నక్షత్రం కట్టిన ఇళ్లు వదిలేయాలి, పథ్యం విడిచాక వెళ్లాలి.' పదకొండేళ్ల కింద నేనే రాశాను. డబ్బిచ్చే విదేశీయులకు కూడా తెగ నచ్చింది, మీ సంప్రదాయాన్ని ఎంత గౌరవిస్తున్నారో అని. మరి ఆ పథ్యం రోజుల్లో తల్లి ఏం తిందో ఎవరు అడుగుతారు మేడమ్ అంది ఆ పిల్ల. వెళ్లి అడుగు, ముసలమ్మ చీపురు తిరగేస్తుంది అన్నాను. అందరూ నవ్వారు. నాకు నా జోకులంటే ఇష్టం.

ఫిబ్రవరి 26

మా సర్వే మీద నేను రాసిన పరిశోధన పేపర్ అచ్చుకు తీసుకున్నారు. ఆరు జిల్లాలు, నాలుగు వేల మంది తల్లులు. బీరు తాగాం.

మార్చి 18, ఉదయం 9

చెల్లి ఫోన్. కప్ప రొమ్ము పట్టడం లేదట, తాగిన కాసిని పాలూ కక్కేస్తోందట. ఏడుస్తోందక్కా, నోరు తెరుస్తోంది, చప్పుడు రావట్లేదు అంది. జిల్లా ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. బయల్దేరుతున్నాను.

మధ్యాహ్నం 1

చూశాను. పెదవులు నీలం. ముఖమంతా ఏడుపే, గొంతు మాత్రం లేదు. ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. డ్యూటీ డాక్టరు కుర్రాడు నిమోనియా కావచ్చు అన్నాడు. నేనూ తల ఊపాను.

మధ్యాహ్నం 1:40

ఖంఫియు అని ఒక ముసలి నర్సు. పిల్లని చూడనే లేదు, చెల్లి వైపు చూసి ఏం తింటున్నావమ్మా అంది. అన్నం, ఉప్పు అంది చెల్లి. ఆవిడ ఇంకేం అడగలేదు. డాక్టరుని అటు పిలిచి రెండు ముక్కలు చెప్పి, బి-వన్ విటమిన్ ఇంజెక్షన్ తెచ్చి పొడిచింది.

సాయంత్రం 5

కప్ప అరిచింది. వార్డంతా వినపడేలా.

 బెరిబెరి. తల్లి తిండిలో బి-వన్ లేకపోతే పాలలోనూ ఉండదు, మా ఇంట్లో ఉన్నదీ కుడితితో పందికి పోయింది. హనోయిలో చదివాను, పాత జబ్బుల చాప్టర్‌లో ఒక పేరా. పరీక్షలో రాలేదు.

నర్సమ్మ టీ ఇచ్చింది. ఏటా ఇరవై ముప్పై మందిని తెస్తారు, రెండు మూడు నెలల పిల్లలు, గొంతు పోయి అంది. తీసుకురాని పిల్లలు ఎంతమందో నాకేం తెలుసు అంది. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి ఉండదట. మరి ఎవరికీ చెప్పలేదేం అన్నాను. మీ సర్వే జీపు మా గేటు ముందు నుంచే పోయేది డాక్టరుగారూ, ఎప్పుడూ ఆగలేదు అంది. వెటకారం కూడా లేదు ఆ గొంతులో.

మార్చి 19

నిద్ర పట్టలేదు. ఫారాలు తిరగేశాను. బతికున్న పిల్లల ఎత్తు ఉంది, బరువు ఉంది, జబ్బ చుట్టుకొలత ఉంది. చనిపోయిన పిల్లలకు ఎత్తు కొలవరు కదా. తల్లి ఉత్త అన్నం తినే ఆ మూడు నెలలే మేం గుమ్మం దగ్గర నుంచి దండం పెట్టి వెనక్కి వచ్చేశాం. పదకొండేళ్లు. విదేశీయుడైతే అడ్డంగా లోపలికి దూరిపోయి చీవాట్లు తినేవాడు, కానీ చూసేవాడు. నేను ఈ మట్టిలో పుట్టాను కాబట్టి దూరలేదు. సిగ్గుగా ఉంది. సిగ్గు కూడా కాదు, భయంగా ఉంది. ఎంతమంది పోయారో నా లెక్కల్లో ఎక్కడా లేదు.

మార్చి 20

అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూడలేదు ఇంతకు ముందు. ఇదంతా నా వల్లే అంది. నీ వల్ల కాదులే అనబోయాను. చెప్పేది విను అంది.

నాకూ చెల్లికీ మధ్య ముగ్గురు పుట్టి పోయారు. నాకు తెలుసు, కానీ పిల్లల పోయిన జన్మ తల్లి వచ్చి తీసుకుపోయిందని చెప్పేవాళ్లు. ముగ్గురికీ గొంతే ముందు పోయిందే అంది అమ్మ. 

మణివన్ పుట్టినప్పుడు ఇక ఆకలికి తట్టుకోలేకపోయానే, మీ నాన్న పొలానికి వెళ్లగానే ఎండు పందిమాంసం ఆ నిప్పుల్లోనే కాల్చుకుని తినేదాన్ని, రోజూ, పథ్యం విడిచేదాకా అంది. మణివన్ బతికింది. కానీ తప్పు తప్పే కదా, ఇన్నాళ్లకు ఈ పసిదాని మీదికి వచ్చింది అంది. అందుకే చెల్లిని ఒక్క ముక్క ముట్టనివ్వలేదట.

మరి నేనో అన్నాను. నీ సంగతి వేరు, యుద్ధంలో గుహలో పుట్టావు, పొగ కనిపిస్తే విమానాలొచ్చి బాంబులేసేవి, నిప్పూ లేదు పథ్యమూ లేదు, సైనికులు ఏం పడేస్తే అది తిన్నా, అది కాన్పు లెక్కలోకే రాదు అంది.

పందిమాంసం నిండా బి-వన్. అమ్మ పథ్యం తప్పిన రెండుసార్లూ మేం బతికాం. తప్పని మూడుసార్లూ పిల్లలు పోయారు.

ఆ పథ్యమే చంపిందని అమ్మకు చెప్పాలా? చెబితే ఇన్నేళ్ల తప్పు ఒక్క నిమిషంలో తీరిపోతుంది. వెంటనే ఆ ముగ్గురి చావూ వచ్చి అమ్మ ఒళ్లో పడుతుంది. చెప్పకపోతే చెల్లికి రేపు అన్నం ఎవరు పెడతారు? అమ్మే, ఉప్పూ అన్నమే పెడుతుంది. కప్పకు మళ్లీ గొంతు పోతుంది.

మార్చి 21, ఉదయం

చెప్పేశాను. నేలమీద కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాను.  అమ్మ చెయ్యి విడిపించుకుని, పందికి కుడితి పొయ్యాలి అని ఊరికి బస్సెక్కింది.

మార్చి 24

ఏడో రూల్ కొట్టేశాను. ఆఫీసులో ఎవరూ నమ్మడం లేదు. పేపర్ వెనక్కి తీసుకుంటున్నానంటే డైరెక్టర్ నాకు జ్వరమేమో అని నుదురు చూశాడు.

ఏప్రిల్ 2

ఊళ్లో ఉన్నాను. అమ్మ పందిమాంసం కాల్చి చెల్లి పళ్లెంలో పెట్టింది. నా ఫారం తీసుకురమ్మంది. ముగ్గురి పేర్లు చెప్తా రాసుకో అంది.

ఫారంలో పోయిన పిల్లలకు గడి లేదు. అంచున రాశాను. పీత. మిడత. బాతు.