మా చెవిన ఎవరూ వేయలేదు

జూన్ 3, మంగళవారం

మందిరం నుంచి జవాబొచ్చింది. డ్రైవింగ్ క్లాసు మధ్యలో లాయరమ్మ ఫోన్ చేసింది. నా పక్కన స్టీరింగు పట్టుకున్న బ్యాంకు మేనేజరు సెకండ్ గేరుకీ ఫోర్త్ గేరుకీ తేడా తెలియక చెమటలు కక్కుతున్నాడు. బండి పక్కకి ఆపించి విన్నాను.

పాటల మాస్టారు పోయి ఆరేళ్ళయింది, ఆయన మీద కేసు నడవదు. చచ్చినవాడి కళ్ళు చారెడు. ఆయన పేరు మీద మందిరంలో ఇప్పుడో హాలు కూడా ఉంది. అందుకే మేము వేసింది మందిరం మీద, నమ్మి పిల్లల్ని అప్పగిస్తే ఆయన బారి నుంచి కాపాడలేదని. దానికి మందిరం పెద్దాయనే స్వయంగా రాసిచ్చాడట. జరిగి ఉంటే విచారకరమే, కానీ అలాంటి మాట మా చెవిన ఎవరూ వేయలేదు అని.

వాళ్ళకి అప్పుడే తెలుసని నిరూపిస్తేనే కేసు నిలుస్తుందంది లాయరమ్మ. ఆ రోజుల్లో ఎవరికైనా చెప్పావా అని మళ్ళీ అడిగింది. అప్పటికి నేను తొమ్మిదేళ్ళ పిల్లని. ఎవరికి చెప్తాను?

మేనేజరు మళ్ళీ ఇంజను ఆపేశాడు. ఆయన మీద అరిచాను. పాపం.

జూన్ 4, సాయంత్రం

అమ్మకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. ఏళ్ళ తరబడి వారం వారం మందిరానికి వెళ్ళి చాపలు పరిచి వచ్చిన మనిషి. నేను కేసు వేసినప్పుడు నోరెత్తలేదు, వెళ్ళడం మాత్రం మానేసింది. అదే పదివేలు అనుకున్నాను. పెద్దాయన రాసింది వినిపిస్తే నా చొక్కా ఒకటి మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. ఆయనే అలా రాశాడా అంది. అవునన్నాను. సంతకం కూడా పెట్టాడా అంది. పెట్టాడన్నాను.

జూన్ 5, పొద్దున

నేను చెప్పానే, అంది అమ్మ.

జూన్ 5, మధ్యాహ్నం

క్లాసులన్నీ కాన్సిల్. బండిలోనే కూర్చుని రాస్తున్నాను, ఇంట్లో ఉండలేక.

అప్పట్లో నేను నిద్రలో వద్దు మాస్టారూ అని ఏడ్చానట. అమ్మ లేపి అడిగితే సగం సగం చెప్పానట. నాకు గుర్తే లేదు. మర్నాడే అమ్మ ఒక్కతే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, మెల్లగా చెప్పాడట: కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందమ్మా, రేపు చెడ్డపేరు పిల్లకే, నాకొదిలెయ్యి, నేను చూసుకుంటాను. చూసుకున్నాడు. నెల తిరిగేసరికి మాస్టారిని వేరే ఊరి మందిరానికి పంపేశాడు. అక్కడా పిల్లలుంటారని తనకి తట్టలేదంది అమ్మ.

ఇదంతా వింటుంటే ముందు నాకు సంతోషమే వేసింది. దొరికారు అనుకున్నాను. ఆ తర్వాత అడిగాను, మరి ఆ నెల మాటేమిటి అని.

ఆ నెలంతా నన్ను పాటలకి పంపింది. ఉన్నట్టుండి మానిపిస్తే జనానికి అనుమానం వస్తుందని పెద్దాయన అన్నాడట. తనే జడలు వేసి పంపింది. ఆ జడలు నాకు గుర్తున్నాయి. తల నొప్పెట్టేలా బిగించేది.

జూన్ 8

ఆవిడతో మాటల్లేవు.

జూన్ 11

లాయరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. మీ అమ్మ సాక్ష్యం చెప్తే కేసు ఇక మనదే అంది. కాసేపటికి గొంతు తగ్గించి, వాళ్ళ లాయరు మీ అమ్మని ఊరికే వదలడు, తెలిసీ పిల్లనెందుకు పంపావని అందరి ముందూ అడుగుతాడు, ఆలోచించుకో అంది.

ఆలోచించాను. ఇక్కడ చదివేవాళ్ళెవరు, నిజమే రాస్తాను. నాకు ఆవిడని బోనులో చూడాలని ఉంది. పెద్దాయనని కాదు, ఆవిడని. ఇంత కసి పెట్టుకుని పిలవడం న్యాయమేనా? పిలవకపోతే మందిరం పాలు తాగిన పిల్లిలా మూతి తుడుచుకుని పోతుంది. అక్కడ ఇప్పటికీ పిల్లలు పాటలు నేర్చుకుంటున్నారు.

జూన్ 15, ఆదివారం

మందిరం సెక్రటరీ ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళు, జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చినట్టు. క్షమాపణ చెప్తారట, నలుగురికీ తెలియకుండా. ఖర్చులకి ఏదో ఇస్తారట. కేసు మాత్రం వెనక్కి తీసుకోవాలట. నేను లేచి తలుపు తీస్తుంటే అమ్మవైపు తిరిగి, మీరు కోర్టుకొస్తే కొరివితో తల గోక్కున్నట్టేనమ్మా, ఈ వయసులో ఎందుకు మీకు అన్నాడు.

అమ్మ పళ్ళ సంచీ తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. ఆ రోజు పెద్దాయన కూడా ఇంత మెత్తగానే మాట్లాడాడు బాబూ అంది.

ఆయన వెళ్ళాక నాతో, నన్ను పిలిపించు అంది. నేను అడగకముందే. నాకు ఒళ్ళు మండిపోయింది. పిలిచే ఆ ఒక్క పనైనా నన్ను చేయనివ్వొచ్చు కదా.

ఆగస్టు 21, గురువారం

కోర్టులో మైకు పనిచేయలేదు. జన్మలో గొంతు పెంచని అమ్మ గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. పెద్దాయన ముందు వరసలోనే కూర్చున్నాడు.

వాళ్ళ లాయరు అడగనే అడిగాడు. తెలిసీ పంపారు కదా, మరి తప్పు మీది కాదా అని. నాదే అంది అమ్మ. ఆ జవాబుకి ఆయన సిద్ధపడి రాలేదు, కాగితాలు తిరగేశాడు. అమ్మ ఆగలేదు. పంపి, గేటు దగ్గర కాపలా కూర్చునేదాన్ని అంది. లోపల పాట ఆగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని, మళ్ళీ మొదలైతే కూర్చునేదాన్ని, లోపలికి మాత్రం వెళ్ళలేదు, పెద్దాయన మాట మీద అంత గురి అంది. నా తప్పు నేను చెప్పుకున్నాను, నేనెవరికి చెప్పానో ఆయన ఇదిగో ఎదురుగానే ఉన్నాడు, ఇక ఆయన్ని చెప్పమనండి అంది.



నేను చూడాలనుకున్నది చూశాను. ఏమీ చల్లారలేదు. గేటు సంగతి నాకెప్పుడూ చెప్పలేదు ఆవిడ. బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను, కోపమో జాలో తెలియకుండానే.

సెప్టెంబరు 14

తలకి నూనె రాస్తానంది. వద్దన్నాను.

నవంబరు 6

తీర్పు వచ్చింది. మందిరానికి తెలుసు, తెలిసీ దాచింది, బాధ్యత మందిరానిదే అంది కోర్టు.

మరి నా సంగతేమిటే అని అడిగింది అమ్మ. నాకింకా తేలలేదన్నాను.

సరే, తేలేదాకా ఉంటాలే, అంది.