మీట ముట్టుకుంటే మడి పోతుందా

చెన్నపట్నం

అమ్మకి సుందరి నమస్కారాలు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్నగారు వేళకి భోంచేస్తున్నారా? మామిడికుదురులో వానలు పట్టాయా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం. బాగానే అంటే, తింటున్నాం, తిరుగుతున్నాం. ఇక్కడి బియ్యం ఇంకా సయించడం లేదు. బెంగ పెట్టుకోకు, ఒళ్లు అలిసిపోతోంది, అంతే.

నెల్లాళ్లుగా ఊళ్లో కరెంటు కోత. రోజూ దీపాలు పెట్టే వేళకి తీసేసి, రెండు గంటలు పోయాక ఇస్తున్నారు. ఇలా చేస్తే కరెంటు మిగులుతుందట. ఏం మిగులుతుందమ్మా, నా మొహం! ఆ కాసేపూ అందరూ పనులు ఆపుకుని కూచుంటారు. వచ్చీ రాగానే మేడమీదవాళ్ల ఇస్త్రీపెట్టె, పక్కవాటావాళ్ల కరెంటు పొయ్యి, ఇంటాయన నీళ్ల మోటారు, అన్నీ ఒక్కసారే. మళ్లీ ఎక్కడ పోతుందోనన్న భయంతో రేపటి బట్టలు కూడా ఇవాళే ఇస్త్రీ చేసేస్తున్నారు. కోత లేనప్పుడే తక్కువ వాడేవాళ్లం. ఇంటి మొత్తానికి ఫ్యూజు ఒకటే కదా, ఠప్పున కాలిపోతుంది.

అందుకని ఇంటాయన కట్టడి చేశాడు. కరెంటు పోగానే ఎవరి మీటలు వాళ్లు ఆపెయ్యాలి, వచ్చాక ఒక్కొక్క వాటావాళ్లే వేసుకోవాలి. మా వాటాలోనే అది కుదరలేదు. మా వంటగదికి కిటికీ లేదు. అత్తగారివి శుక్లాలొచ్చిన కళ్లు, చమురు దీపం ఆనదు. అందుకని పగలు కూడా కరెంటు దీపం వేసి బడికి వెళ్తాను. బడిలో పాఠాలూ, ఆపైన ప్రైవేట్లూ చెప్పి నేనూ, పని ముగించుకుని ఈయనా తిరిగి వచ్చేసరికి కోత కూడా అయిపోతుంది. మడి కట్టుకున్న అత్తగారు అందరూ తాకే మీటని ముట్టుకోరు.

మళ్లీ ఫ్యూజు పోయినరోజు ఇంటాయన మా మీట చూశాడు. "ఇంకోసారి ఇలా అయితే ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఒక్క దీపానికి ఫ్యూజు పోతుందా! చెబితే వింటేగా. ఈ పట్నంలో మళ్లీ ఇల్లు దొరకాలంటే మాటలా!

ఆ మర్నాటి నుంచీ నేను వచ్చేసరికి మీట ఆపే ఉంటోంది. ఎవరో పక్కవాటావాళ్లు సాయం చేస్తున్నారనుకున్నాను. మొన్న వానకి బడి తొందరగా వదిలేశారు. ఇంకా కోత ఉండగానే ఇంటికొచ్చి చూద్దును కదా, నూతి దగ్గర అత్తగారు తడిబట్టతో గజగజ వణుకుతున్నారు. రోజూ ఆవిడే మీట ఆపి, మడి పోయిందని మళ్లీ చన్నీళ్లు పోసుకుంటున్నారట!

"ఇదేంటండీ అత్తయ్యగారూ, ఈ వానలో!" అని ఏడ్చేశాను.

"ఊరుకోవే అమ్మాయ్. నేను తడిస్తే ఏం పోయింది? ఇంటాయన పొమ్మన్నాడంటే మీరెక్కడికి పోతారు?" అన్నారు.

ఇప్పుడు దగ్గు పట్టుకుంది, ఒళ్లు కాలిపోతోంది. అయినా స్నానం మానరు. మీటకి మైలేమిటండీ అంటే నా మాట వినరు, ఈయన మాట అసలే వినరు. శాస్త్రాలు చదివిన నాన్నగారు చెబితే మాత్రం ఆవిడకి వేదమే. కరెంటు కూడా అగ్నిహోత్రం లాంటిదేననీ, ముట్టుకుంటే మడి పోదనీ నాన్నగారి చేత ఒక్క ముక్క రాయించు.

పిన్నిగారికీ బాబయ్యగారికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

శాస్త్రంలో అలా ఉందో లేదో నాకు తెలీదమ్మా. లేకపోయినా రాయమను. నాన్నగారు అబద్ధం ఆడగా నేనెన్నడూ వినలేదు. ఆయన్ని అడగడానికి నోరు రాకే నీకు రాస్తున్నాను. పాపమేదైనా ఉంటే అది నాదే అనుకోమను.

మీ దీవెనలు కోరే
సుందరి