పెట్రోనిల్లా అమ్మను అడగవలసిన మాటలు

సెడ్జ్‌హోమ్,
సెయింట్ మార్టిన్ పండుగకు ముందు బుధవారం,
రాజుగారు గద్దెనెక్కిన ఎనిమిదో ఏడు.

నా పెద్దబిడ్డ సబీనాకు,

ముందు దేవుడి దీవెన, ఆ వెనుక మీ అమ్మ దీవెన. మఠంలో నువ్వు ఒంట్లో బాగుండి ఉన్నావనీ, బట్టలుతికే నీళ్ళకు చేతులు పగలడం తగ్గిందనీ తలుస్తాను. తగ్గకపోతే బాతు కొవ్వు రాసుకో, వాసనని సిగ్గుపడకు. ఇక్కడ నేనూ, మీ ఉల్ఫ్ బాబాయీ, రెండు పందులూ బాగానే ఉన్నాం. ఈసారి మలుగు చేపలు సన్నం, పొగలో వేలాడదీస్తే తాళ్ళలాగే ఉన్నాయి.

ఇది నేను చెబుతుంటే చర్చి గుమస్తా హామో రాస్తున్నాడు. తోలు ముక్క చిన్నది, హావిస్ పిన్నీ, కాస్త మాటలు తగ్గించు అంటున్నాడు. నీ అక్షరాలు సన్నగా రాయవయ్యా, నా మాటలు నేను తగ్గించను అన్నాను. అదీ రాశాడు చూడు.

మీ తమ్ముడి సంగతి ఉన్ని బండివాడు నీకు చెప్పే ఉంటాడు. బండివాడు చెప్పింది వేరు, అమ్మ చెప్పేది వేరు. విను.

సెయింట్ ల్యూక్ పండుగ మర్నాడు పొద్దున్నే రెల్లు కోయడానికి వెళ్ళాను. కట్ట దిగువన రెల్లులో ఒక మనిషి పడి ఉన్నాడు. దారి దోచేవాళ్ళెవరో పక్కలో పొడిచి మూట లాక్కుపోయారు. ఎర్ర జుట్టు, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ వయసు. ప్రాణం ఇంకా ఉంది. తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంతోసేపు లేదు. ఆ తర్వాత కేకలు పెట్టాను, ఊరంతా పరుగెత్తుకొచ్చింది.

చట్టం నీకు తెలుసు. హత్యయినవాడు మనవాడే, ఇంగ్లీషువాడే అని అయినవాళ్ళు ప్రమాణం చెయ్యకపోతే, వాడు ఫ్రెంచివాడి కిందే లెక్క. ఆ దొరలు సముద్రం దాటి వచ్చిన కొత్తలో మన ముత్తాతలు వాళ్ళను చాటుగా పొడిచేవాళ్ళట. అందుకని పెట్టిన చట్టం, ముత్తాతలు పోయినా అది పోలేదు. రుజువు లేకపోతే ఊరు ఊరంతా జరిమానా కట్టాలి. మొన్నటి వరదకు చేలు మునిగిన ఊరు మనది.

మూడో రోజున విచారణకు దొర వచ్చాడు. ఆయన ఫ్రెంచిలో అడగడం, హామో మన మాటలోకి మార్చి చెప్పడం. ఈ శవం ఎవరిది అని అడిగాడు. అందరూ ఎవరి కాళ్ళవంక వాళ్ళు చూసుకున్నారు. పక్కింటి మాడ్ ఏడుస్తోంది, శవం కోసం కాదు, జరిమానా కింద పోబోయే తన ఆవు కోసం. నేను ముందుకు వెళ్ళాను. నా కొడుకు తర్స్టన్, పన్నెండేళ్ళప్పుడు దొరగారి వంటింటి పనికి పోయాడు, వాళ్ళతోపాటు సముద్రం దాటాడు, ఇన్నాళ్ళకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు అన్నాను.

ఆడదాని ప్రమాణం చెల్లదట. తండ్రి వైపు ఇద్దరు, తల్లి వైపు ఒకరు మగవాళ్ళు కావాలి. మీ బాబాయిలు ఉల్ఫ్, ఎడ్రిక్ ముందుకొచ్చారు. నా తమ్ముడు ఓస్బర్న్ మాత్రం తల గోక్కుంటూ నిలబడ్డాడు. పిల్లాడప్పుడు చూసినవాణ్ణి గడ్డం వచ్చాక ఎలా పోల్చేదే అక్కా అని గొణిగాడు. నీ మేకను నువ్వే పోల్చుకోలేక పక్కింటి మేకకు పాలు పిండుకొచ్చినవాడివి, కన్నది నేను, ప్రమాణానికి బైబిలు మీద చెయ్యి పెట్టు అన్నాను. అంతమందీ నవ్వారు. హామో మార్చి చెబితే దొర కూడా నవ్వాడు. ఓస్బర్న్ చెయ్యి పెట్టాడు.

పోయేముందు ఏమైనా అన్నాడా అని దొర అడిగాడు. నన్ను అమ్మా అని పిలిచాడన్నాను. ఏ భాషలో పిలిచాడు అని దొర అడిగాడు. మన భాషలోనే అని చెప్పాను. హామో రాసుకున్నాడు. అంతటితో అయిపోయింది, ఊరు బతికింది.

మీ నాన్న పక్కనే పడుకోబెట్టాం. స్నానం నేనే చేయించాను. కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు కూడా నేనే తొడిగాను. సాయం పడతానని మాడ్ వస్తే వద్దు పొమ్మన్నాను. చచ్చినవాడికి చలేమిటే అంది. నీకు తెలుసా ఉండదని అన్నాను.

ఇక అసలు పని. నవ్వకు.

మొదటి చలికాలం గడిచాక మీ తమ్ముడు ఒక్కసారి ఇంటికొచ్చాడు, గుర్తుందా? ఎన్ని మాటలు మోసుకొచ్చాడో! నడుం మీద చేతులు పెట్టుకుని, అమ్మా, మనం కూర్చునేది స్టూలు, వాళ్ళు కూర్చునేది చెయిరు అన్నాడు. రెండింటికీ నాలుగే కాళ్ళు కదరా అంటే, దానికి వీపు ఉంటుందమ్మా, మనకే పనిలో పడి వీపు ఆన్చుకునే తీరిక లేదు అన్నాడు. వాడి మాట కాదు, వంటవాడి దగ్గర విని ఉంటాడు. మాడ్ ముందు నన్ను మేర్ అని పిలిచాడు. ఏరా, మీ అమ్మను తిడుతున్నావా అంది మాడ్. కాదు, ఫ్రెంచిలో అమ్మ అన్నాడు. నేను గరిటె చూపించాను. దొరగారింట్లో ఎలాగైనా ఏడువు, నన్ను మాత్రం అమ్మా అనే పిలవాలి, ఏదీ అను అని పదిసార్లు అనిపించాను. పిలవనిచ్చి ఉంటే ఏం పోయేది?

ఇప్పుడు రోజంతా అదే ఆలోచన. చేపలు గుచ్చుతూ మాటలు వేరు చేస్తుంటాను, ఇది మనది, ఇది వాళ్ళది అని. మన పాకలో ఉన్నవన్నీ మనవే. నిప్పు, నీళ్ళు, రొట్టె, ఉన్ని, అన్నిటికీ మన పేర్లే. తలుపు తట్టి లోపలికొచ్చినవన్నీ వాళ్ళవి. కోర్టు వాళ్ళది, జడ్జి వాళ్ళది, జైలు వాళ్ళది, రెంటు వాళ్ళది. ఈ లెక్క హామోకు చెబితే కలం ఆపి, నిజమే సుమా పిన్నీ అన్నాడు.

సరే, నీకింత ఫ్రెంచి వచ్చు కదా, దాహమేస్తోంది అని ఎలా అంటారు అని అడిగాను. కోర్టులో ఎవరికీ దాహం వెయ్యదు పిన్నీ అన్నాడు. చలికి? దానికీ తెలియదు. నొప్పికి? నష్టపరిహారానికి అయితే ఉంది కానీ నొప్పికి లేదన్నాడు. ఉరి తియ్యడానికి మాత్రం వాడి దగ్గర ఫ్రెంచి ఉంది. పదిహేనేళ్ళుగా ఆ భాషలో రాస్తున్నాడు, నీళ్ళు అడిగి తాగలేడు. ఇప్పుడు మూతి ముడుచుకుని రాస్తున్నాడు, రాయనీ.

అందుకే నిన్ను అడుగుతున్నాను. మీ మఠంలోని పెట్రోనిల్లా అమ్మ సముద్రం అవతల పుట్టిన మనిషి కదా, ఆమె దుప్పట్లు మార్చేటప్పుడు మెల్లగా కనుక్కో. మీ తమ్ముడు అంటుండేవాడు, సెయ్ అని ఒక మాట, ఫ్రెయ్ అని ఒక మాట. వాటికి అర్థమేమిటో నాకు కావాలి. నేను చెప్పినట్టే పలికి చూపించు, ఎక్కువ తక్కువ చెయ్యకు. ఇంకొకటి. అక్కడి తల్లులు కొడుకుని ముద్దుగా ఏమని పిలుస్తారు? మనం నాన్నా, కన్నా అంటాం చూడు, అలాంటిది. పెద్దింటి మాట వద్దు, పాకలో తల్లి పిలిచే మాట కావాలి. ఈ వయసులో నీకెందుకు పిన్నీ ఫ్రెంచి ముద్దులు అంటున్నాడు హామో. తెలుసుకోవాలనిపించింది, నీకేం అన్నాను.

ఉన్ని బండి మళ్ళీ పది రోజులకు వస్తుంది. జవాబు దానిలోనే పంపు. నీకు మేజోళ్ళు అల్లుతున్నాను, ఒకటి అయింది.

నిన్ను తలవకుండా నిద్రపోని
మీ అమ్మ హావిస్
(చేతిరాత హామోది)

తాజా కలం: ఇక్కడినుంచి నా చేతిరాత. హామో ఇంటికి వెళ్ళాడు. కొంచెం సిరా అడిగి ఉంచుకున్నాను. నువ్వు పొయ్యి బూడిదలో దిద్దించిన అక్షరాలే, కూడబలుక్కుని చదువుకో. చదివి పొయ్యిలో పడెయ్యి.

సబీనా, ఆ అబ్బాయి మన తర్స్టన్ కాదు.

తర్స్టన్ ఎడమ కాలి చిటికెన వేలు కొడవలి తగిలి పోయింది కదా, రక్తం కారుతుంటే నువ్వే ఎత్తుకొచ్చావు. ఈ అబ్బాయికి పది వేళ్ళూ ఉన్నాయి. మేజోళ్ళు అందుకే తొడిగాను. గోతిలో దించేటప్పుడు మీ ఉల్ఫ్ బాబాయి ఆ మేజోళ్ళవంక ఒకసారి చూశాడు. ఆ వెంటనే అందరికంటే ముందు తనే మట్టి వేశాడు.

రెల్లులో నా మొహంలోకి చూసి మేర్ అన్నాడు. ఆ ఒక్క మాటా నాకు తెలుసు. అందుకని, ఆఁ నాన్నా అన్నాను. మన మాటలోనే వచ్చింది, నాకు ఇంకో మాట రాదు. దొరకు చెప్పినదాంట్లో సగం అబద్ధం కాదు. కొడుకని చెప్పింది ఊరి కోసమే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆ తర్వాత సెయ్ అన్నాడు, ఫ్రెయ్ అన్నాడు, మళ్ళీ సెయ్, మళ్ళీ సెయ్. శాలువా తీసి కప్పాను. నడుముకు పల్చటి బీరు బుర్ర కట్టుకునే ఉన్నాను, మూత తియ్యాలని తోచలేదు. సెయ్ అంటే దాహమైతే నా దగ్గర దాచకు. రాయి.

ఆదివారం ఆదివారం వెళ్ళి మాట్లాడి వస్తున్నాను. ఒక్క ముక్కా అర్థం కాక పడుకుని ఉంటాడు పాపం. ముద్దు మాట దానికే.

తర్స్టన్ పేరు మీద నువ్వు వెలిగించే దీపం వెలుగుతూనే ఉండనీ. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో. వాడూ అవతలి గట్టున ఎక్కడైనా పడిపోయి ఉంటే, ఎవరో ఒకామె మొహంలోకి చూసి అమ్మా అనే ఉంటాడు. గరిటె చూపించి మరీ నేర్పాను కదా, వాడి నోట ఆ మాటే వస్తుంది. ఆమెకు మన మాట రాదు. ఆఁ అని ఉంటుందంటావా?