లోపల ఎర్రగా ఉన్న ముక్క

రహమత్ నగర్,
ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చాక.

ప్రియమైన జెరూషకు,

మరియమ్మ తల్లి దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. పాలకొల్లులో నువ్వూ, నీ కడుపులో బంగారమూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ చల్లగా ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నాను. మీ చర్చిలో మరియమ్మను వేడుకోరు గనుక, ఆ పేరెత్తానని మామయ్యగారు ముఖం చిట్లిస్తే, ప్రభువు దయవల్ల అని మార్చి చదువు.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోనుండగా ఉత్తరాలెందుకని మొదట్లో నవ్వాను గానీ, వాటిని బిడ్డకు పైకి చదివి వినిపిస్తున్నానని నువ్వు చెప్పాక ఒక్కో మాటా ఆలోచించి రాస్తున్నాను. నీ కరివేపాకు మొక్క బతికే ఉంది, కింది వాటా నీలమ్మగారు నీళ్లు పోస్తున్నారు. రాత్రిళ్లు నా అన్నం నేనే వండుకుంటున్నాను. సినిమావాళ్లు ఎవరైనా కనిపించారా అని అడిగావు. జూబ్లీహిల్స్‌లో మా హోటల్‌కి వాళ్లు రాని రోజేది? మొన్న ఫిల్మ్‌నగర్ నుంచి ఒక ఫైట్ మాస్టర్ ఏకంగా వంటగది దాకా వచ్చి, "పోర్క్ మందుల్లేనిదే కదా బ్రదర్?" అని అడిగాడు. "ఆరుబయట తిరిగిన పందులు సార్, ఒక్క ఇంజెక్షన్ ఎరగవు" అన్నాను. ఏడాదిగా ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో.

జెరూషా, ఇక్కడి నుంచి బిడ్డకు వినిపించకు. మనసులో చదువుకో.

శుక్రవారం వంటవాళ్లందరినీ ఊరి బయట, మా హోటల్‌కి మాంసం వచ్చే పందుల ఫారానికి తీసుకెళ్లారు. అవి మట్టిలో హాయిగా పొర్లుతుంటే ముచ్చటేసింది. వాటిని చూసుకునే కొమురమ్మతో, "ఇంత శుభ్రమైన మాంసం గనుకే మేం లోపల ఎర్రగా ఉండగానే దించేస్తాం" అని గొప్పగా చెప్పాను. ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

"గదేంది సారూ! ఇవి బయట తిరుగుతయి. ఎలుక దొరికితే ఎలుకను తింటయి. పిల్లులు గీ మట్టిలనే దొడ్డికి పోతయి. మందులు ఏస్తలేరని సగం ఉడికింది తింటరా? మేమైతే మెత్తగ ఉడకంది నోట్ల పెట్టం."

అక్కడికి వచ్చిన పశువుల డాక్టర్ రవితేజగారిని పక్కకు పిలిచి అడిగాను. షెడ్లలో కిక్కిరిసి పెరిగే పందులతో ఉన్న భయం వేరట, మందులు విచ్చలవిడిగా వాడితే వాటికి లొంగని క్రిములు తయారవుతాయట. బయట తిరిగేవాటికి ఆ బెడద తక్కువైనా, మట్టి నుంచీ ఎలుకల నుంచీ పరాన్నజీవులు ఎక్కువగా రావచ్చట. "ఎలా పెంచిన పందైనా లోపలిదాకా ఉడకాల్సిందేనండీ. కడుపుతో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. టాక్సోప్లాస్మా అని ఒక పరాన్నజీవి ఉంది. తల్లికి ఏమీ తెలియదు, బిడ్డకు చేరొచ్చు" అన్నారు.

ఈ ఏడు మన పెళ్లిరోజు గుర్తుందా? నీకప్పుడు అయిదో నెల. హోటల్ నుంచి తెచ్చిన మాంసం పెనం మీద కాల్చి పెట్టాను. "లోపల ఎర్రగా ఉందేంటండీ? కుక్కర్లో నాలుగు విజిల్స్ రానివ్వండి" అన్నావు. నేను నవ్వేశాను. "అది వీధి పందులకు. దీన్ని ఇలాగే తినాలి, వంటవాడికే వంట నేర్పుతావా?" అన్నాను. నేను చిన్నబుచ్చుకుంటానని రెండు ముక్కలు తిన్నావు. ఆకలేసి కాదు, నా మాట మీద తిన్నావు.

రెండు రోజులుగా ఫోన్‌లో చెప్పబోయి, "అన్నం తిన్నావా" అని అడిగి పెట్టేస్తున్నాను. నేను పిరికివాణ్ని, జెరూషా. అందుకే ఈ సాయంత్రం బస్సుకు వస్తున్న మీ తమ్ముడు చరణ్ తేజ చేతికే ఇది ఇస్తున్నాను. తెల్లారగానే ఆస్పత్రికి వెళ్లి, ఉత్తరం డాక్టరమ్మకు చూపించు. తప్పకుండా సోకి ఉంటుందని లేదట. రక్తపరీక్షలో తెలుస్తుందట. సోకినా మందులున్నాయట. ఒక్క ఇంజెక్షన్ ఎరగని మాంసమని గొప్పలు పోయిన నేను, మందు ఉందన్న ఆ ఒక్క మాట పట్టుకుని రెండు రోజులుగా బతుకుతున్నాను.

రేపు పొద్దున యజమానితో, ఇక మీదట ఎర్రగా దించనని చెప్పేస్తాను. పనిలో ఉంచినా, తీసేసినా రాత్రి బస్సెక్కి వస్తాను. నీ తిట్లన్నీ అప్పటికి దాచి ఉంచు. ఒక్కటీ తగ్గించకు.

ఇక బిడ్డకు మళ్లీ పైకి చదువు.

బంగారూ, మీ నాన్న పెద్ద హోటల్లో వంటవాడు. అయినా మన ఇంట్లో కూర ఉడికిందో లేదో చెప్పేది మీ అమ్మే. ఆమె చెప్పినప్పుడు నాన్న వినలేదు. నువ్వు విను. విని, క్షేమంగా రా.

ఇట్లు,
నీ భర్త, దాని నాన్న,
శౌరి