ఉమ్మడి చెట్టు కాయ

టెక్కలి, 9 మే 1932

ప్రియమైన సత్యవేణి వదినకు,

ఈ ఇంట్లో నన్నెవరూ సరిగా చదవలేరు. నాకు ముద్ద దిగడం లేదని చూసి ఎర్రమ్మ పిన్ని "మదరాసులో ఎవుడో ఉన్నాడు, మొకం సూత్తే తెలీడం లేదేటి?" అని వీధరుగు మీదే అనేసింది. నాయనేమో నా లెక్క అచ్చయిన పత్రికను పలాస దాకా మోసుకెళ్లి చూపించి వచ్చాడు. దాన్ని బట్టే మదరాసు కాలేజీలో మా ఆచార్యులు పరిశోధనకు సీటిస్తామన్నారు. నిరుడు వేసవిలో మీ తోటలో కూర్చుని నీకు చెప్పిన చిక్కే ఆ లెక్క. గుర్తుందా?

నీ కళావతి

జలంత్రకోట, 14 మే

ప్రియమైన కళకి,

ఏటే, తిండి మానేసి ఉత్తరాలు రాత్తన్నావా? గురుతు లేకేం! అంకెలంటే నాకు తెలీదని చెట్లన్నావు. వరసగా తోటలు, వాటికి అంతు లేదు. ఒక్కో తోటలో చెట్లకీ అంతు లేదు. ఏ రెండు తోటలకైనా ఉమ్మడి చెట్లు మాత్రం కొన్నే. వాటన్నిటితోనూ ఉమ్మడి చెట్లు కొన్నే ఉండేలా ఇంకో కొత్త తోట ఎప్పుడూ కూర్చగలమా అని అడిగావు. నేను కొబ్బరికాయల పీచు ఒలుస్తూ మన అమ్మోరి పండగ బుట్ట సంగతి సెప్పాను. తోటకో కాయ, కానీ వరసలో ముందు తోటలోళ్లకి వాటా ఉన్న చెట్టు కాయ పట్టకూడదు, పడితే తగువే. ఆ కాయలిచ్చిన చెట్లే నీ కొత్త తోట అన్నాను. ఏ తోటదైనా, దాని వంతు దాటాక దాని కాయ మళ్లీ బుట్టలో పడదు కదా, ఇక ఉమ్మడి చెట్లు కొన్నే. నువ్వు నవ్వేసి గబగబా ఏదో రాసుకున్నావు. నా మాట పనికొచ్చిందేటి?

నీ వదిన

టెక్కలి, 18 మే

ప్రియమైన వదినా,

పనికిరావడం కాదు, రుజువంతా అదే. ఎన్ని తోటల్ని వరస కట్టినా ఆ వరసలో లేనిది ఇంకొకటి ఉంటుందని అచ్చులో తేల్చింది నీ బుట్టే. నేను చెట్లు తీసేసి అంకెలు పెట్టాను, అంతే. "ఈ ఊహ ఎలా తట్టిందమ్మా?" అని ఆచార్యులు అడిగితే "ఊరికే తట్టిందండీ" అన్నాను. ఆయన మెచ్చుకుని తన కలం నాకిచ్చేశారు. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను.

కళావతి

జలంత్రకోట, 23 మే

ప్రియమైన కళకి,

పిచ్చిదానా, బుట్ట నాదేటి? అమ్మోరిది. నా పేరెక్కితే ఇక్కడ చదివేవోళ్లెవులు? సీటు పోగొట్టుకోకు, నోరు మూసుకో. పత్రిక మాత్రం ఓపాలి పంపు. నా బుట్ట అచ్చులో ఎలాగుంటాదో సూత్తాను.

వదిన

టెక్కలి, 27 మే

ప్రియమైన వదినకు,

పత్రిక పంపుతున్నాను. మొదటి పుటలో కొట్టేసి ఉన్నది నా పేరు, పైన రాసి ఉన్నది నీ పేరు. ఇది పెన్సిలు రాత. జరిగినదంతా ఆచార్యులకు రాసి, కలం తిరిగి పంపేశాను. నువ్వు వద్దన్నావు. కానీ ముందు వాటా ఉన్న చెట్టు కాయ పట్టకూడదని చెప్పిందీ నువ్వే.

సోమవారం రైలుకి మీ ఊరు వస్తాను. పరిశోధన సీటు తీసుకోను.

కళావతి