గోడకు ఆనించిన మంచం

మాస్తి గ్రామం నుంచి

ప్రిన్సీ మేడం గారికి నమస్కారం.

పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి వాలంటీరుగా మీరు నన్ను పంపుతున్న ఆ రువాండా ఊరు రోజూ కలలోకి వస్తోంది. ఆ కలలో ఎప్పుడూ వానే.

ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నాను. వెంట తెచ్చుకోమని మీరు పంపిన జాబితాలో దోమల క్రీము, మందు పట్టించిన దోమతెర దగ్గర మాత్రం ఆగిపోయాను. మీరు కేజీఎఫ్‌లో బంగారు గనుల మధ్య పెరిగినవారు, తెలియకపోవచ్చు. ఆ మందు గాలి సోకితే పట్టుపురుగు బతకదు.

మా ఇంట్లో మనుషులం, పురుగులు ఒకే కప్పు కింద ఉంటాం. మా పాప నయనకు డెంగీ వచ్చినప్పుడు దోమల కాయిల్ వెలిగించాను. తెల్లారేసరికి తట్టల్లో ఒక్క పురుగూ కదల్లేదు. మా అత్త, "పోతే పోనీలేమ్మా, పాప ఉండాది గదా" అని తనే తట్టలు ఎత్తేసింది.

అక్కడి తల్లులకు ఆ గతి పట్టకూడదు. పురుగులకు ఇళ్లకు దూరంగా వేరే గది కట్టమని వాళ్లకు రాయండి. నేను క్రీము పూసుకుని, గడప బయటే నిలబడి నేర్పుతాను.

ఇంకొక్క మాట. మెలకువ వచ్చాక తెలుస్తుంది, నా కలలో వాన మా పురుగులు ఆకు తినే సద్దేనని. నా మంచం మాత్రం ఆ గది గోడకు బయటివైపు ఆనించి వేయించండి.

ఇట్లు,
నయన వాళ్ళమ్మ