ప్రాసలో జారిన పేరు

సాతారా జిల్లా, చైత్ర మాసం

చిరంజీవి విలాస్‌కు అమ్మ దీవెనలు. అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. ఒంట్లో మాత్రం అందరికీ బాగానే ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. ఎర్రావు ఈనింది, కోడెదూడ. మీ నాన్న మోకాలు ఇప్పుడు కాస్త వంగుతోంది. జొన్నలు ఇంటికి చేరాయి. ఆ మంచుకొండల్లో కాపలాకి వెళ్ళేటప్పుడు చెవులు కప్పుకో.

ఇక అసలు సంగతి. మీ పిన్ని చంద్రభాగ నీకు ఉత్తరం రాయిస్తోంది. అదొచ్చేలోపే ఇది నీకు అందాలని పొయ్యి మీద పప్పు వదిలేసి కూర్చున్నాను.

శుక్రవారం మనింట్లో చైత్రగౌరి పసుపుకుంకుమల పేరంటం. మీ అన్న పోయాక రఖ్మాను నీకిచ్చి చేసిన తరువాత దానికి ఇదే మొదటి పేరంటం. "మారుమనువుదానికి కుంకుమ పళ్ళెమా?" అని మీ పిన్ని ముందురోజే గొణిగింది. నేను పట్టుబట్టి దాన్ని ముందు వరసలోనే కూర్చోబెట్టాను. పచ్చిమామిడి పప్పు తిని, పానకం తాగాక ఆడవాళ్ళు అల్లరి మొదలుపెట్టారు. "మొగుడి పేరు చెప్పవే! చెప్పందే బొట్టు లేదు!" ప్రాస కట్టి పేరు చెప్పడమంటే దానికి మొదటినుంచీ సరదా. నవ్వుతూ లేచింది.

"గౌరమ్మ ఉయ్యాలకు మామిడాకు, మల్లెపూవు,
మా ఇంటికి వెలుగు నా మగడు సర్జేరావు."

మీ అన్న పేరు. దానికి తెలిసేలోపే నోట్లోంచి వచ్చేసింది. గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"అసలు మొగుడెవరో నాలుక్కి తెలుసమ్మా," అంటూ మీ పిన్ని కుంకుమభరిణ మూసేసింది.

రఖ్మా ఒళ్ళో పోసిన శనగలన్నీ కిందపడ్డాయి. "ఆయన పేరుకే నాకు ప్రాస వచ్చత్తయ్యా. ఈయన పేరుకు ఇంకా కట్టుకోలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి పెట్టె సర్దుతోంది. "పుట్టింటికి పోతా. ఆయన రమ్మంటే వస్తా, లేదంటే అక్కడే పడి ఉంటా." నీ జవాబు వచ్చేదాకా ఆగమని బతిమాలాను. ఆగింది కానీ పెట్టె విప్పలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. నాకు భయంగా ఉంది, నాయనా.

నీకు కోపం రావచ్చు. వస్తే నువ్వు సెలవు ముగించుకుని వెళ్ళిన రోజు గుర్తు తెచ్చుకో. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఏమని కేకేశావు? "వదినా, నీళ్ళ సీసా!" అని కాదూ? అది పరుగెత్తుకొచ్చి సీసా అందించింది. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు.

ఇంకొకటి. చెప్పకుండానే ముగిద్దామనుకున్నాను. ఆ పేరు వినగానే అందరూ బిగుసుకుపోయారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నీ కాపురం చల్లగా ఉండాలని ఇంట్లో వాడి పేరు ఎత్తొద్దని కట్టడి చేసింది నేనే. వాడి ఫోటో కూడా ధాన్యం గదిలో దాచాను. నా పెద్దకొడుకు పేరు ఇంకొకరి నోట వినాలని ఎంతగా మొహం వాచి ఉన్నానో శుక్రవారం తెలిసింది. నేను లోలోపల సంతోషించిన మాటకు ఆ పిల్లకు శిక్ష పడితే నేను తట్టుకోలేను. నిన్న ఫోటో తెచ్చి మళ్ళీ గోడకు తగిలించాను.

నాకు జవాబు రాయకు, దానికి రాయి. క్షమించానని మాత్రం రాయకు. తప్పంటూ చేస్తే కదా! మగాళ్ళూ పెళ్ళాం పేరుకు ప్రాస కడతారు, నీకు తెలియనిదేం కాదు. రఖ్మా పేరు పెట్టి ఒకటి కట్టి పంపు. వంకరటింకరగా ఉన్నా ఫరవాలేదు. అందులో వదిన రాకుండా చూసుకో, చాలు.

ఇట్లు,
మీ అన్నదమ్ములిద్దరి అమ్మ